గడ్డివాములో ఏముంది?

— ఒక బి.యస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థిని

మన దేశం వ్యవసాయ ప్రధానమైన దేశమని చిన్నప్పటినుంచీ పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే మనమంతా. అయితే ఆ వ్యవసాయంలో అందరూ మాట్లాడేది గింజ గురించే. మద్దతు ధర గింజకే. గోడౌన్లు గింజకే. పేపర్లో వార్తలూ గింజ గురించే. ఎకరంలో 2 టన్నుల ధాన్యం పండిందంటే దాదాపు మరో 2 టన్నుల గడ్డి కూడా పండిందన్నమాట. దానికీ నీళ్ళు పెట్టింది మనమే, దానికీ ఎరువు వేసింది మనమే. కాని ఆ పంట ఏమైందని అడిగేవాళ్ళు లేరు.

ఈ వ్యాసం ఆ గడ్డిని గురించి. దానితోపాటు ఊక, పేడ, పిప్పి వగైరాలను గురించి. వీటన్నిటినీ కలిపి శాస్త్రజ్ఞులు బయోమాస్ అంటారు. మొక్క నుంచిగాని, మొక్కను తిన్న జంతువు నుంచిగాని వచ్చి, ఏటేటా మళ్ళీ పుట్టే పదార్థమంతా బయోమాసే. పాఠ్యపుస్తకంలో దీన్ని జీవద్రవ్యరాశి అన్నారు. మా నాయనమ్మకి ఆ మాట చెబితే "ఏ రాశే తల్లీ, వడ్ల రాశా?" అని అడిగింది. కాబట్టి మనం బయోమాస్ అనే అనుకుందాం.

మాది కృష్ణా డెల్టాలో వరి పండే ఊరు. సొంతం 2 ఎకరాలు, కౌలు 3 ఎకరాలు. నేను కాలేజీలో చదివిన కెమిస్ట్రీకీ, మా నాన్న చేసే వ్యవసాయానికీ పోయిన డిసెంబరులో ఒక తగాదా వచ్చింది. ఆ తగాదాలో ఎవరు గెలిచారో చివర చెబుతాను. ముందు పాఠం.

ఆకు చేసే పని మనకందరికీ తెలిసిందే. గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేరు తెచ్చిన నీటిని ఎండ సాయంతో కలిపి చక్కెర చేస్తుంది. ప్రాణవాయువును బయటకు వదులుతుంది. గాలిలో ఈ బొగ్గుపులుసు వాయువు ఎంత ఉందో చూడండి, పదివేల పాళ్ళకు 4 పాళ్ళకు కాస్త ఎక్కువ, అంతే. ఆ కొంచెంలోంచే ఇంత గడ్డీ, ఇన్ని చెట్లూ పుట్టుకొస్తున్నాయి. కాని ఈ ఫ్యాక్టరీ సామర్థ్యం మాత్రం చాలా తక్కువ. పొలం మీద పడిన ఎండలో పంట దాచుకోగలిగేది నూటికి ఒక పాలు అటూ ఇటూ మాత్రమే. బయోమాస్‌తో దేశానికి కావలసిన కరెంటంతా తీయవచ్చునని ఎవరైనా ఉపన్యాసం ఇస్తే ముందు ఈ ఒక్క పాలునూ గుర్తుచేయాలి. ఎండకు కొదవ లేదు, నేలకే కొదవ.

మొక్క ఈ చక్కెర అణువులను పూసల్లాగా గుచ్చుతుంది. ఒక రకంగా గుచ్చితే పిండిపదార్థం, అంటే మనం తినే అన్నం. అవే పూసలను ఇంకో రకంగా తిప్పి గుచ్చితే సెల్యులోజు, అంటే గడ్డి. పూస ఒకటే, ముడి తేడా. మన పొట్టలోని ఎంజైములు మొదటి ముడిని విప్పగలవు, రెండోదాన్ని విప్పలేవు. అందుకే అన్నం పక్కనే అంత శక్తీ గడ్డిలో ఉన్నా మనం ఆకలితో చావవలసిందే. గేదె కూడా విప్పలేదు! దాని మొదటి పొట్టలో కాపురముండే సూక్ష్మజీవులు విప్పుతాయి. గేదె ఆ సూక్ష్మజీవులకు తిండీ, వెచ్చని ఇల్లూ ఇస్తుంది. అవి దానికి అద్దె కడతాయి. ఆ అద్దెలో కొంత మన కాఫీలోకి వస్తుంది.

ఇక ఇంధనం సంగతి. ఎండిన వరిగడ్డి కిలో కాలిస్తే సుమారు 3,500 కిలో కేలరీల వేడి వస్తుంది. ఇది మన బూడిద బొగ్గుకు మరీ తీసిపోయేదేమీ కాదు. పైగా సింగరేణి బొగ్గులో ఉన్న కార్బన్ 25 కోట్ల ఏళ్ళకు పూర్వం గాలిలోంచి వెళ్ళినది. గడ్డిలోని కార్బన్ మొన్న జూలైలో వెళ్ళినది. బొగ్గు కాలిస్తే పాత బాకీ అంతా ఇప్పటి గాలి మీద పడుతుంది. గడ్డి కాలిస్తే ఈ ఏడు తీసుకున్నది ఈ ఏడే తిరిగి ఇచ్చినట్టు. బయోమాస్ పర్యావరణానికి మంచిదని చెప్పడానికి ప్రధాన కారణం ఇదే. లెక్క సరైనదే గాని ఒక చిన్న మెలిక ఉంది. బాయిలరులో సరైన గాలి పెట్టి కాల్చడం వేరు, పొలంలో అగ్గిపుల్ల గీసి వదిలెయ్యడం వేరు. రెండోదానిలో కార్బన్ మోనాక్సైడు, మసి, సన్నటి ధూళి వస్తాయి, వేడి ఎవరికీ పనికిరాదు.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. లెక్కలంటే భయపడేవాళ్ళు కూడా దయచేసి ఇది మాత్రం చదవండి, కూడికలూ గుణకారాలే.

మన దగ్గర ఒక టన్ను ఎండుగడ్డి ఉంది. దీన్ని కరెంటు తీసే ప్లాంటుకు ఇస్తే, యూనిట్‌కి 1.3 కిలోల చొప్పున సుమారు 750 యూనిట్లు వస్తాయి. మంచిదే. బూడిద మిగులుతుంది. కథ అక్కడితో అయిపోయింది.

అదే టన్ను గేదెకు వేశామనుకోండి. రోజుకు 7 కిలోల చొప్పున ఒక గేదెకు నాలుగున్నర నెలలకు పైగా సరిపోతుంది. ఒట్టి గడ్డితో పాలు రావు, పచ్చిమేతా తవుడూ పెట్టాల్సిందే. అయినా పొట్ట నింపేది గడ్డే. ఆ నాలుగున్నర నెలలూ రోజుకు 15 కిలోల పేడ వస్తే మొత్తం 2 టన్నుల పైన. కిలో పచ్చి పేడ నుంచి 40 లీటర్ల గోబర్ గ్యాస్ వస్తుంది కాబట్టి, మొత్తం దాదాపు 85 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాస్ సుమారు 430 గ్రాముల వంటగ్యాసుకు సమానం. అంటే మొత్తం 36 కిలోలు, రెండున్నర సిలిండర్లు. పాలు తాగిన తర్వాత, పెరుగు తిన్న తర్వాత, వంట కూడా అయిన తర్వాత గుంటలోంచి బయటికి వచ్చే మడ్డిలో నత్రజని, భాస్వరం, పొటాష్ ఇంకా ఉన్నాయి. అది పొలానికి పోతుంది.

ఈ లెక్క వేసుకున్నాక నాకు అర్థమైంది ఒక్కటే. బయోమాస్‌లో ముఖ్యమైన ప్రశ్న "దీన్నుంచి ఎంత శక్తి వస్తుంది" అన్నది కాదు, "దీన్ని ముందు ఎవరికి ఇవ్వాలి" అన్నది. ముందు నిప్పుకు ఇస్తే ఒక్కసారే. ముందు నోటికి ఇస్తే మూడుసార్లు. పుట్టగొడుగులు పెంచేవాళ్ళు చేసేదీ ఇదే. ఉడకబెట్టిన గడ్డిలో ముత్యపుచిప్ప పుట్టగొడుగు విత్తనం వేస్తే, కిలో ఎండుగడ్డికి అరకిలోకు పైగా పచ్చి పుట్టగొడుగులు వస్తాయి. మిగిలిన గడ్డి ఎలాగూ ఎరువు అవుతుంది.

పేడలో దీపం

మా ఇంటి వెనక ఒక గుంట ఉంది. ఇప్పుడు అందులో అమ్మ పాతసామాను పడేస్తుంది. 1980ల్లో మా తాతయ్య సబ్సిడీ మీద కట్టించిన గోబర్ గ్యాస్ ప్లాంటు అది. 2 ఘనపు మీటర్లది, ఇనప డ్రమ్ము బోర్లించిన రకం.

మన దేశంలో ఈ ప్రయత్నం చాలా పాతది. 1939లో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్.వి. దేశాయ్ ప్రయోగాలు చేశారు. 1951లో జశ్‌భాయ్ పటేల్ తేలే డ్రమ్ము నమూనా తయారుచేసి దానికి గ్రామలక్ష్మి అని పేరు పెట్టారు. దాన్నే ఖాదీ గ్రామోద్యోగ సంఘం ఊరూరా పరిచయం చేసింది. 1981లో జాతీయ పథకం వచ్చింది. 1984లో ఇటుకలతోనే గోపురంలా కట్టే దీనబంధు నమూనా వచ్చింది. ఇనుము అక్కర్లేదు, తుప్పు బాధ లేదు. మా తాతయ్య కాస్త ఆగి ఉంటే బాగుండేది.

పని చేసే పద్ధతి సులువే. రోజుకు 50 కిలోల పేడ, అంతే నీళ్ళు. బాగా కలిపి, పీచూ రాయీ తీసి గుంటలో పోయాలి. లోపల గాలి చొరబడకూడదు. మొదట ఒక జట్టు సూక్ష్మజీవులు పేడలోని పెద్ద అణువులను ముక్కలు చేస్తాయి. మరో జట్టు వాటిని ఆమ్లాలుగా మారుస్తుంది. చివరి జట్టు ఆమ్లాల నుంచి మీథేన్ తీస్తుంది. వచ్చే గ్యాసులో మీథేన్ నూటికి 55 నుంచి 65 పాళ్ళు, మిగిలింది ఎక్కువగా బొగ్గుపులుసు వాయువు. ఈ చివరి జట్టు మహా సున్నితం. వీటికి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. ధనుర్మాసంలో మంట చిన్నదైపోయేదనీ, తాతయ్య గుంట చుట్టూ గడ్డి కప్పేవాడనీ అమ్మ చెబుతుంది. పేడ కలపకుండా రెండు రోజులు ఊరికి వెళితే వచ్చాక అలిగేవట.

నాకు గుర్తున్నప్పటికి నాలుగు గేదెల్లో రెండే మిగిలాయి. రెండు గేదెల పేడకు పొద్దున టీ, ఒక కూర, అంతే. తర్వాత ఒకటి అమ్మేశాం. నేను ఇంటర్ చదివేటప్పుడు రెండోదీ పోయింది. డ్రమ్ము పాతినుము వాడికి వెళ్ళింది. ప్లాంటు పాడైపోయిందని మా వీధిలో అంటారు గాని, నిజానికి పాడైంది ప్లాంటు కాదు. ట్రాక్టరు వచ్చి ఎడ్లు పోయాయి. కోతమిషను వచ్చి వాములు పోయాయి. మేత లేక గేదెలు పోయాయి. గేదెలు పోతే గుంట ఏం చేస్తుంది పాపం!

గ్యాస్ సిలిండరును నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. కట్టెల పొగలో ముప్పై ఏళ్ళు వండిన నాయనమ్మ కళ్ళు చూసినవాళ్ళెవరూ అలా మాట్లాడరు. కట్టే పిడకా కూడా బయోమాసే. ఆ మాటకొస్తే మన దేశంలో అన్నిటికంటే ఎక్కువ కాలం, ఎక్కువమంది వాడిన బయోమాస్ అదే. పునరుత్పాదక ఇంధనం అని ఎంత అందమైన పేరు పెట్టినా పొయ్యి దగ్గర కూర్చునేది ఎవరో చూడాలి.

ఊకకు ధర వచ్చిన వైనం

ధాన్యం ఆడిస్తే బరువులో నూటికి 20 పాళ్ళు ఊక. ఊక కాలిస్తే అందులో మళ్ళీ అయిదో వంతు బూడిద. ఆ బూడిదలో నూటికి 85 పాళ్ళకు పైగా సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. నాయనమ్మ ఇత్తడి బిందెలు ఊకబూడిదతో తోమేది. అది తళతళలాడటం వెనక కెమిస్ట్రీ ఇదే. సరైన వేడిలో కాల్చిన ఊకబూడిదను సిమెంటులో కలిపితే కాంక్రీటు గట్టిపడుతుంది.

ఒకప్పుడు మిల్లు దగ్గర ఊక ఊరికే పట్టుకుపొమ్మనేవాళ్ళు. 1990ల చివర, 2000ల మొదట్లో మన రాష్ట్రంలో బయోమాస్ కరెంటు ప్లాంట్లు చాలా వచ్చాయి. ఎక్కువగా 6 మెగావాట్ల స్థాయివి. ఒక్క 6 మెగావాట్ల ప్లాంటు రాత్రింబగళ్ళు నడవాలంటే పైన చెప్పిన లెక్క ప్రకారం రోజుకు 180 టన్నుల పైన ఇంధనం కావాలి. అంత ఊక రావాలంటే రోజుకు 900 టన్నుల ధాన్యం ఆడాలి! మిల్లువాళ్ళకే ఉప్పుడు బియ్యం బాయిలరుకు ఊక కావాలి, ఇటుకబట్టీలకు కావాలి. అందరూ ఒక్కసారే చెయ్యి చాపేసరికి ఊరికే వచ్చే ఊకకు ధర వచ్చింది. ఆ ధర కట్టలేక కొన్ని ప్లాంట్లు సర్కారు తుమ్మ కట్టె వైపు మళ్ళాయి, కొన్ని మూతపడ్డాయి.

సర్కారు తుమ్మను మన దేశానికి తెచ్చి 1877లో మొదట నాటింది మన కడప జిల్లా కమలాపురం ప్రాంతంలోనే. కట్టెల కరువు తీరుతుందని తెచ్చారు. ఇప్పుడది చెరువుల్లో, బీళ్ళలో తానే రైతై కూర్చుంది. దాన్ని నరికి కాల్చడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదని నా అభిప్రాయం.

మరి ఊక కోసం కొట్టుకునే బదులు వరిగడ్డి వాడవచ్చు కదా అంటారు. గడ్డిలో సిలికాతోపాటు పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. బాయిలరులో అవి కరిగి, ముద్దకట్టి, గొట్టాలకు అంటుకుని తినేస్తాయి. పైగా గడ్డి తేలిక. లారీ నిండా వేసినా బరువు తూగదు, డీజిలు ఖర్చు మాత్రం తూగుతుంది. అందుకే అందరూ గడ్డిని పొగుడుతారు, ఊకను కొంటారు. హర్యానాలోని పానిపట్‌లో 2022లో గడ్డి నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ ప్రారంభమైంది. ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి, రోజుకు లక్ష లీటర్ల ఇథనాల్ దాని లక్ష్యం. గేదె పొట్టలో జరిగే పనిని స్టీలు ట్యాంకుల్లో, కొన్న ఎంజైములతో చేయిస్తున్నారన్నమాట. గేదె ఈ పనిని కోట్ల పెట్టుబడి లేకుండా, నడుస్తూ చేస్తుంది.

సులువైన ఇథనాల్ గింజ నుంచి వస్తుంది. పిండిపదార్థం ముడి సులువైనదని పైన చెప్పుకున్నాం. టన్ను బియ్యం లేదా నూకల నుంచి సుమారు 450 లీటర్లు, టన్ను మొక్కజొన్న నుంచి సుమారు 380 లీటర్లు. 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఇథనాల్ కలిపే స్థాయికి మన దేశం వచ్చింది. దానితో మొక్కజొన్నకు గిరాకీ పెరిగింది. కోళ్ళ దాణా ఖరీదైందని కోళ్ళఫారాల వాళ్ళు గోల పెట్టారు. మా నాన్న మాత్రం సంతోషించాడు. రైతు కూతురిగా నేనూ సంతోషించాను, అబద్ధం ఎందుకు?

ఇప్పుడు తగాదా దగ్గరికి వద్దాం.

మా వైపు పూర్వం సార్వా కోతకు రెండు మూడు రోజుల ముందు వరిచేలోనే మినుములు చల్లేవాళ్ళు. మనుషులు కొడవళ్ళతో కోసి, పనలు ఆరబెట్టి, కుప్ప వేసేవాళ్ళు. కుప్ప నూర్చాక గడ్డి ఇంటికి చేరి వాము అయ్యేది. కూలీలు దొరక్క కోతమిషను వచ్చింది. దాని బరువుకు మినుము మొలక బతకదు. కాబట్టి చాలామంది కోత అవగానే, దున్నకుండా, మొక్కజొన్న గింజ నాటడం మొదలుపెట్టారు. ఇది ఇథనాల్ రాకముందు నుంచీ ఉన్నదే. ధర దాన్ని ఇంకాస్త తొందరపెట్టింది. మిషను చిమ్మేసిన గడ్డి చేనంతా పరుచుకుని ఉంటుంది. గింజ నాటాలంటే అడ్డం. పదును ఆరిపోకముందే నాటాలి.

డిసెంబరు ఆఖరువారం నేను ఇంటికి వెళ్ళేసరికి నాన్న అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని చేనికి బయలుదేరుతున్నాడు. నేను ఆపి ఉపన్యాసం ఇచ్చాను. టన్ను గడ్డిలో 5, 6 కిలోల నత్రజని ఉంటుంది, కాలిస్తే దాదాపు అంతా గాలికి పోతుంది, ఎకరానికి 2 టన్నుల లెక్కన పాతిక కిలోల యూరియా తగలబెట్టినట్టే అన్నాను.

నాన్న ఓపిగ్గా విన్నాడు. "యూరియా బస్తా 45 కిలోలు 266 రూపాయలమ్మా. పాతిక కిలోలంటే నూటయాభై. చుట్టలు కట్టే మిషను చుట్టకి 30 రూపాయలు. ఎకరానికి 60 చుట్టలకి 1,800. అదైనా పది రోజులకి గాని మన ఊరు రాదు. అగ్గిపెట్టె రెండు రూపాయలు. నువ్వు చదువుకున్నదానివి, ఏది చవకో చెప్పు" అన్నాడు.

నా నోట మాట రాలేదు. నా కెమిస్ట్రీ తప్పు కాదు, ఆయన లెక్కా తప్పు కాదు. నత్రజనికి ధర కట్టారు, అదీ సబ్సిడీ ధర. కాలిన కార్బన్‌కు ఎవరూ ధర కట్టలేదు. టన్ను గడ్డిలో దాదాపు 400 కిలోల కార్బన్ ఉంటుంది. వానపాముకూ, నేలలోని కోట్ల సూక్ష్మజీవులకూ అదే అన్నం. దాన్ని బస్తాలో పోసి ఏ కొట్లోనూ అమ్మరు కాబట్టి నాన్న లెక్కలోకి అది రాదు. గడ్డిని దున్ని కలిపేయమందామా అంటే, గడ్డిలో కార్బన్ మరీ ఎక్కువ, నత్రజని మరీ తక్కువ. అది కుళ్ళేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని కూడా లాక్కుంటాయి. కొత్త పైరు పసుపుపచ్చగా మారుతుంది. వెంటనే నీళ్ళు పెడితే మీథేన్ కూడా వస్తుంది. కలిపి కొన్ని వారాలు ఆగాలి, మాకు ఉన్నది రోజులు.

అప్పుడు అమ్మ కలగజేసుకుంది. "కర్నూలు, ప్రకాశం వైపు వాళ్ళు ఎండాకాలం గడ్డికి లారీలేసుకుని రారూ? మొన్న కరువప్పుడు అడిగినంత ఇచ్చి పట్టుకుపోయారుగా" అంది. నిజమే. మా దగ్గర డిసెంబరులో తగలబెట్టే గడ్డికి ఏప్రిల్లో అక్కడ గేదెలు ఎదురుచూస్తాయి. మధ్యలో ఉన్నది నాలుగు నెలలూ, కొన్ని వందల కిలోమీటర్లూ, వాన తడపని ఒక చోటూ. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా నీళ్ళలో కలిపి చల్లి, మూడు వారాలు గాలి తగలకుండా కప్పితే మేత మరింత బలంగా, సులువుగా అరిగేలా తయారవుతుందని నేను చెప్పాను. నాన్న నవ్వి, మళ్ళీ యూరియా దగ్గరికే వచ్చావు అన్నాడు.

ఒక గేదెను కొందామని కూడా అన్నాను. దానికి అమ్మే ఒప్పుకోలేదు. "నువ్వు హాస్టల్లో కూర్చుని లెక్కలేస్తావు. పేడ ఎవరు తీస్తారే?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

చివరికి నాలుగు ఎకరాలు కాలాయి. ఆ రాత్రి ఇంట్లో అందరం దగ్గుతూనే అన్నం తిన్నాం. కాలువ పక్కనున్న ఒక్క ఎకరం నాన్న నాకు వదిలాడు. మిషను పది రోజులకు కాదు, పన్నెండు రోజులకు వచ్చింది. 54 చుట్టలు అయ్యాయి. ఆ ఎకరంలో మొక్కజొన్న ఆలస్యంగా నాటాం, పక్కవాటికంటే మోకాలెత్తు తక్కువగా ఉంది. "ఏప్రిల్లో లారీ రాకపోతే ఆ గడ్డి నువ్వే తినాలి" అన్నాడు నాన్న. మనిషి పొట్టకు సెల్యులోజు ముడి విప్పే శక్తి లేదని ఆయనకు పాఠం మొదటినుంచీ మళ్ళీ చెప్పవలసి వచ్చింది.

ఈ వ్యాసం సావనీరుకు ఇచ్చేనాటికి చుట్టలు మా గోబర్ గ్యాస్ గుంట పక్కన, టార్పాలిన్ కింద ఉన్నాయి. ఒకాయన ఫోన్ చేసి చుట్టకి 70 ఇస్తానన్నాడట. నాన్న ఇంకా బేరం ఆడుతున్నాడు.